రెండో దారం బలం

నమోదు 3. పోటు

సముద్రం పోటు మీదుంది. ఏడో తలుపు మూసే ఉంది. ఎనిమిదో తలుపు మూసే ఉంది. పహరా చిట్టాలో ఇంతకు మించి రాయనక్కర్లేదని చెప్పారు. అలా చెప్పారంటేనే రాయాల్సింది ఇంకేదో ఉందని నా అనుమానం. అందుకే రాస్తున్నాను.

నా పేరు నూకాలు. సముద్రం అడుగున కట్టిన లోతుపేటలో, కింది వరసలో తలుపుల మనిషిని. నా తలుపుకి అవతల తడిగది, దానికి అవతల ఇంకో తలుపు, ఆ తరవాత సముద్రం. తలుపు అంచు చుట్టూ కుక్కర్ మూతకి ఉన్నట్టే ఒక రబ్బరు పట్టీ ఉంటుంది, కాకపోతే నా మణికట్టంత లావు. దాన్ని బాగా సాగదీసి గాడిలో ఎక్కిస్తారు. రోజూ ఆ పట్టీని తడిగుడ్డతో తుడవడం, వేలితో చుట్టూ తడమడం, తలుపుకి చెవి ఆనించి వినడం నా పని. నా వెనక వీధిలో జనం వంటలు చేసుకుంటూ, పిల్లల్ని కసురుకుంటూ ఉంటారు. వాళ్లకీ నీళ్లకీ మధ్య ఉన్నది ఆ రబ్బరే.

ఈ పని పర్మినెంట్ కావాలంటే కాలేజీలో మొదటి ఏడు కెమిస్ట్రీ పాసవ్వాలి. ఊరు కట్టినప్పటి నియమం అది. పీల్చే గాలి దగ్గర్నుంచి తాగే నీళ్ల దాకా ఇక్కడ అన్నీ తయారు చేసుకున్నవే కాబట్టి, ఆ చదువు లేని చేతికి తలుపు అప్పగించరు. నలభై దాటాక కాలేజీ బెంచీ మీద కూర్చున్నాను. భుజంగరావు మాస్టారు బోర్డు మధ్యలో ఒక చుక్క పెట్టి, చుట్టూ గుండ్రంగా గీతలు గీసి, పరమాణువులో ఎలక్ట్రాన్లు ఈ గీతల మీద తిరుగుతాయన్నారు. బాగానే ఉంది, రాసుకున్నాను. చెప్పేటప్పుడు ఆయన మా కళ్లలోకి చూడలేదు. అది కూడా రాసుకున్నాను.

నమోదు 8. పాటు

నీళ్లు వెనక్కి తీస్తున్న వేళ. తలుపులు రెండూ బాగున్నాయి. మాస్టారి సంగతే బాగాలేదు.

ఇవాళ వచ్చి, ఎలక్ట్రాన్లు గీతల మీద తిరగడం నిజం కాదన్నారు. ఫలానా చోట ఉందని వేలు పెట్టి చూపించలేమట. మబ్బులాంటిది ఒకటి ఉంటుందట, అది ఎక్కడ చిక్కగా ఉంటే అక్కడ ఎలక్ట్రాన్ దొరికే అవకాశం ఎక్కువట. నాకు ఒళ్లు మండిపోయింది.

"మరి మొన్న సెప్పిందేటి మాస్టారూ? అబద్దమా?"

"అబద్ధం కాదమ్మా. మొదటి మెట్టు. అది ఎక్కితే గాని ఇది అందదు."

"రేపొచ్చి ఇది కూడా మెట్టే అంటారేటి?"

క్లాసంతా నవ్వింది. మాస్టారు మాత్రం నవ్వకుండా సుద్దముక్క కింద పెట్టేశారు. మెట్టు మెట్టుకీ మాట మార్చే మనిషి ఆఖరి మెట్టు ఎక్కడుందో మాకు చెప్పడం లేదని నాకు గట్టిగా అనిపించింది.

నా పక్కన కూర్చునేవాడి పేరు దాలినాయుడు. కింది వరసలో బూజు కంపు భరించలేక ఊరిని నడిపే సభవాళ్లు గాలిలోకి ఓజోన్ వదిలే మెషీన్ ఒకటి తెప్పించారు. అది వచ్చిన పడవలోనే ఇతనూ పైనుంచి దిగాడు. ముప్పై ఏళ్లుంటాయి. ఎండలకి వాళ్ల ఊరు ఖాళీ అయిపోయిందట. పంపుల దగ్గర పని ఇచ్చారు. మొదటి రోజే నన్ను సొంత అక్కలా "అప్పా" అని పిలిచాడు. అడక్కుండా చుట్టరికం కలిపేవాళ్లని నేను తొందరగా నమ్మను.

చదువులో మాత్రం చురుకు. ఏ పరమాణువు చుట్టూ ఎన్ని ఎలక్ట్రాన్ చుక్కలు పెట్టాలో నాకు అంతుపట్టకపోతే ఓపిగ్గా చూపిస్తాడు. "పైవరసలో ఎనిమిది నిండేదాకా దానికి నిద్రట్టదప్పా. నీలాగే," అంటాడు. ఇవాళ నా పెన్సిలు మొన విరిగితే జేబులోంచి సగం బ్లేడు తీసి చెక్కి ఇచ్చాడు. కింది వరసలో రబ్బరు పట్టీలున్నాయని బ్లేడు పట్టుకు తిరగడం నిషేధం. కొత్తవాడికి తెలియదేమో అనుకున్నాను. ఏమీ అనలేదు గాని, చూసిన సంగతి మనసులో పెట్టుకున్నాను.

నమోదు 15. పోటు

ఇవాళ బంధాలు. సోడియం ఒక ఎలక్ట్రాన్ ఇచ్చేస్తుంది, క్లోరిన్ పుచ్చుకుంటుంది, రెండూ అతుక్కుని ఉప్పవుతాయి. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఎవరో తేలిపోయింది కాబట్టి నాకు ఇబ్బంది లేదు. రెండోరకం ఉంది చూడండి, ఎలక్ట్రాన్లు పంచుకోవడం, దాని మీదే నాకు నమ్మకం కుదరలేదు. అడిగితే మాస్టారే ఒప్పుకున్నారు. హైడ్రోజన్, క్లోరిన్ పంచుకుంటే క్లోరిన్ తన వైపు ఎక్కువ లాక్కుంటుందట. నేను ముందే అనుకున్నాను.

తరవాత ఒక పట్టిక ఇచ్చారు. రెండు కార్బన్లని ఒంటి బంధం పట్టుకుంటే తెంపడానికి 347 కిలోజౌళ్లు, జంట బంధం పట్టుకుంటే 614. "జంట బంధం బలం ఎక్కువ. ఇది గుర్తుపెట్టుకోండి, పరీక్షలో వస్తుంది. ఆమధ్య తలుపుల రబ్బరు మార్చినప్పుడు సభవాళ్లు దీన్ని బట్టే జంట బంధాలున్న చెట్టు రబ్బరు ఎంచారు," అన్నారు మాస్టారు.

నేను తూకం దగ్గర ఎవరినీ నమ్మను. వేళ్ల మీద లెక్క వేశాను.

"రెండు దారాలుంటే రెండింతలు ఉండాలి గదా మాస్టారూ. 694 రావాలి. ఎనభై తక్కువొచ్చిందేటి? ఎవులు తినీసినారు?"

"అది పరీక్షలో అడగరమ్మా."

"ఎందుకడగరు?"

"రెండో ఏడు పాఠం. ఇక్కడ రెండో ఏడు లేదు."

అడిగిన దానికి జవాబు చెప్పకుండా పరీక్షలో రాదనే మాస్టార్ని చూస్తే నాకు ఇంకా అనుమానం.

క్లాసు చివర బంతులతో అణువుల బొమ్మలు చేయించారు. ఒంటి బంధానికి పుల్ల. జంట బంధానికి పుల్లలు వంగవు కాబట్టి, తలుపులకి వేసిన రబ్బరులోనే మిగిలిన తునకల నుంచి కోసిన సన్నటి పట్టీలు రెండు సాగదీసి బిగించాలి. నా బొమ్మ అందరికన్నా బాగా కుదిరింది. ఎవరైనా ఎత్తుకుపోయి తమదని చూపిస్తారని, మిగిలిన పట్టీ ముక్కతో సహా చిల్లుల రేకు డబ్బాలో పెట్టి, తాళం వేసి, ఓజోన్ మెషీన్ జాలీ వెనక దాచాను. అక్కడ ఎవరూ చెయ్యి పెట్టరు. తాళంచెవి నా మెడలోనే ఉంది.

నమోదు 19. పాటు

ఏడో తలుపు పట్టీ మీద కోతలు.

మూలల దగ్గర, అడ్డంగా, సన్నగా. బ్లేడుతో గీసినట్టే ఉన్నాయి. వేలు పెడితే గోరు దిగింది. ఎనిమిదోది చూస్తే దానికీ ఉన్నాయి. గంట కొట్టి మనుషుల్ని పిలిచాను. తడిగదిలోకి నీళ్లు రానివ్వకుండా బయటి తలుపులు బిగించేశారు.

సభ పెద్ద వరహాలమ్మ స్వయంగా వచ్చి వంగి చూసింది. "రబ్బరు పాతబడిపోనాదేమో?" అంది.

నేను ఆమెని గిడ్డంగికి తీసుకెళ్లాను. అది అదే నడవలో ఉంది. అలమర మీద అదే సరుకు పట్టీలు, అదే రోజు దిగినవి, ఒక్క గీత లేకుండా మెత్తగా ఉన్నాయి. "అదే గాలమ్మా, అదే తడి. తలుపు మీదున్నవి తెగినాయి, అలమరలో ఉన్నవి తెగనేదు. గాలికి ఇది తలుపు, ఇది అలమర అని తెలుస్తాదేటి? మనిషికే తెలుస్తాది," అన్నాను.

ఆమె తలూపింది. నా తెలివికి నాకే గర్వంగా ఉంది. ఎవరు అన్నదే మిగిలింది.

నమోదు 20. పోటు

సభలో నన్ను లేచి నిలబడమన్నారు. కింది వరసలో బ్లేడు ఎవరి దగ్గరైనా చూశావా అని అడిగారు.

చూశానని చెప్పాను. ఎవరి దగ్గరని అడిగారు. చెప్పాను.

దాలినాయుడు నా వైపు తిరిగాడు. కోపం కాదు, నేను వేరే దాలినాయుడి గురించి మాట్లాడుతున్నానేమోనన్నట్టు చూశాడు. "ఆ బ్లేడు పెన్సిళ్లకే అమ్మా. నాను తలుపు జోలికెల్లనేదు. అప్పా, నువ్వు సెప్పు, నీ పెన్సిలు సెక్కినాను గదా," అన్నాడు.

"సెక్కినాడు. ఆ బ్లేడుతో ఇంకేటి సేసినాడో నాకెలగ తెలుస్తాది?" అన్నాను.

ఇతను దిగాకే కోతలు మొదలయ్యాయని ఎవరో అన్నారు. నిజమే. వచ్చే పడవలో పైకి పంపేయాలని తీర్మానించారు. పైన ఎండలు ముదిరాయి. ఈ కాలంలో పైకి పంపడమంటే ఏమిటో అందరికీ తెలుసు, ఎవరూ నోరు తెరిచి అనరు. పడవ వచ్చేదాకా అతన్ని పంపుల గదిలో పెట్టి గొళ్లెం వేశారు.

నేను చూసింది చూసినట్టే చెప్పాను. అయినా అన్నం సయించలేదు.

నమోదు 23. పాటు

తలుపులకి గిడ్డంగిలోని కొత్త పట్టీలు ఎక్కించారు. దొంగ దొరికాడు గనక ఊరికి ధైర్యం వచ్చింది. క్లాసు మళ్లీ మొదలైంది. బొమ్మ చూపించి మార్కులు వేయించుకుందామని రేకు డబ్బా తీశాను. తాళం వేసినట్టే ఉంది. తెరిచాను.

జంట బంధం విడిపోయి ఉంది. బంతుల మధ్య బిగించిన రెండు పట్టీలూ అడ్డంగా సన్నని గీతలు పడి తెగిపోయాయి. పక్కనే వదులుగా పడేసిన మూడో ముక్క కొత్తదానిలా ఉంది.

మొదట నాకు వచ్చిన ఆలోచన రాస్తే నవ్వుతారు. ఎవరో తాళం తీశారనుకున్నాను. దాలినాయుడైతే గొళ్లెం లోపలున్నాడు. తాళంచెవి నా మెడలో ఉంది. ఇంకెవరినైనా అనుమానించాలంటే నన్ను నేనే అనుమానించాలి. పిల్లలాడుకునే బొమ్మలాంటి దాని మీద ఎవరికి పగ ఉంటుంది?

కూర్చుండిపోయాను. తలుపు మీద పట్టీ సాగి ఉంటుంది. అలమరలో పట్టీ వదులుగా ఉంటుంది. డబ్బాలో బిగించిన ముక్కలు సాగి ఉన్నాయి, మూడోది వదులుగా ఉంది. గాలికి తలుపేదో అలమరేదో తెలియక్కర్లేదు. సాగిందేదో, సాగనిదేదో తెలిస్తే చాలు. గిడ్డంగిలో నేను అంత గర్వంగా చెప్పిన మాట నా నెత్తినే పడింది.

డబ్బా ఉన్నది ఓజోన్ మెషీన్ జాలీ వెనక. ఆ మనిషి దిగిన పడవలోనే ఈ మెషీన్ కూడా దిగింది. దాన్ని ఎవరూ అనుమానించలేదు. నేను కూడా.

పరుగెత్తుకుంటూ వెళ్లి తలుపులు చూశాను. కొత్త పట్టీల మూలల్లో వెంట్రుకంత గీతలు అప్పుడే మొదలయ్యాయి.

అదే నడకలో మాస్టారింటికి వెళ్లి డబ్బా ఆయన ఒళ్లో పెట్టాను. "ఆ ఎనభై ఎవులు తినీసినారో ఇప్పుడు సెప్పండి. పరీక్షలో రాదనకండి."

ఆయన తెగిన ముక్కని వెలుగులో పట్టుకుని చాలాసేపు చూశారు. కాగితం మీద రెండు కార్బన్లు గీశారు.

"మొదటి దారం రెండింటి మధ్యా నేరుగా ఉంటుందమ్మా. గట్టిది. రెండో దారం అలా కాదు. ఎలక్ట్రాన్ల మబ్బు పైనా కిందా పరుచుకుని, పక్కపక్కన ఒరుసుకుంటూ పట్టుకుంటుంది. అందుకే దాని బలం తక్కువ. పైగా బయటికి కనబడుతూ ఉంటుంది. ఎలక్ట్రాన్లకి ఆశపడే ఏ వస్తువు వచ్చినా ముందు దాని మీదే పడుతుంది."

"ఓజోన్ ఆశపడతాదా?"

"దానంత ఆశ దేనికీ ఉండదు. పడిందంటే రెండో దారంతో ఆగదు, గొలుసునే తెంపేస్తుంది. రబ్బరు వదులుగా ఉంటే పైపొర పాడై అక్కడితో ఆగుతుంది. సాగి ఉంటే తెగిన చోట నోరు తెరుచుకుంటుంది, లోపలి కొత్త రబ్బరు బయటపడుతుంది, మళ్లీ తెగుతుంది."

"మీకిదంతా తెలుసు."

"చదివాను. ముప్పై ఏళ్ల కిందట." ఆయన కాగితం పక్కన పెట్టారు. "జంట బంధం బలం ఎక్కువ అని వరహాలమ్మకి చెప్పింది కూడా నేనేనమ్మా. ఆవిడ నా స్టూడెంటే. లాగి తెంపడానికి బలం ఎక్కువే. ఇంకొకటి వచ్చి కలవడానికి మాత్రం అదే సందు. ఆ సగం మెట్టు దగ్గరే అందర్నీ ఆపేశాను. తలుపుల రబ్బరు తెగినప్పుడు నాకే గుర్తు రాలేదు."

ఇన్నాళ్లూ ఆయన ఏదో దాస్తున్నారనుకున్నాను. దాచడానికి గుర్తుండాలి కదా. నాకు ఆయన మీద జాలి వేసింది, కోపం కూడా పోలేదు.

నమోదు 25. పాటు

వరహాలమ్మ మాటలు వినదు, కళ్లతో చూస్తేనే నమ్ముతుంది. ఆ ఒక్క విషయంలో మేమిద్దరం ఒకటే. అందుకని సభ ముందే గాజు జాడీ పెట్టాం. లోపల ఒక పట్టీని చట్రానికి సాగదీసి కట్టాం, ఇంకోదాన్ని వదులుగా పక్కన పడేశాం. మెషీన్ గొట్టం జాడీకి బిగించి, మూతకి సభవాళ్ల సీలు వేయించాం. అందరూ బెంచీల మీద కూర్చుని చూస్తూనే ఉన్నారు. మధ్యలో టీలు వచ్చాయి. టీ గ్లాసులు ఎత్తుకెళ్లేలోగా సాగిన పట్టీ మీద అడ్డంగా గీతలు పడడం మొదలైంది. వరహాలమ్మ లేచి జాడీకి ముక్కు ఆనించి చూసింది.

"మెషీన్ ఆపండి," అంది. ఇటు తిరిగి, "ఆ పిల్లడి గొళ్లెం తియ్యండి," అంది.

దాలినాయుడు బయటికి వచ్చాడు. వరహాలమ్మ అతనికి చేతులు జోడించింది. నేను ఎదురుగా వెళ్లాలనుకున్నాను. వెళ్లకుండా జాడీ మూత విప్పుతూ ఉండిపోయాను. అతను నన్ను చూడనట్టే మాస్టారితో మాట్లాడి స్నానానికి వెళ్లిపోయాడు.

ఎక్కించిన కొత్త పట్టీలకీ గీతలు పడ్డాయి, మరి తలుపులకి ఏ రబ్బరు? గిడ్డంగి అడుగున పాత సిలికోన్ పట్టీలు ఉన్నాయి. వాటి గొలుసులో అన్నీ ఒంటి బంధాలే, అందుకే బలం చాలదని అప్పట్లో పక్కన పడేశారు. ఇప్పుడు అవే వెయ్యమన్నాను. ఓజోన్‌కి పట్టుకోవడానికి రెండో దారమే లేదు వాటిలో. మాస్టారు తలూపారు. సభలో సగం మంది ఊపలేదు.

నమోదు 26. పోటు

ఊళ్లో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త రబ్బరు ఎవరు ఎంచితే వాళ్లే పరీక్ష రోజు తలుపు ఇవతలి పొడిగదిలో కూర్చోవాలి. వీధి వైపు తలుపుకి బయట గొళ్లెం పెడతారు. అవతలి తడిగదిలోకి సముద్రం నీళ్లు వదులుతారు. రబ్బరు ఆగితే మనిషి బయటికొస్తాడు. కుళాయి ఎవరు తిప్పాలో కూర్చునే మనిషే చెప్పాలి.

"నాను తిప్పుతాన్లే," అంది వరహాలమ్మ.

చెట్టు రబ్బరు ఎంచింది ఆమె. ఈ రబ్బరు పోతే ఆమె మాట నిలబడుతుంది. ఆమె అలాంటిది కాకపోవచ్చు, కానీ నా బుర్ర అలాంటిది. మాస్టారి చేతులు వణుకుతున్నాయి. మిగతావాళ్లంతా ఆ రోజు నా మాట ఒక్కటే విని, ఒక మనిషిని ఎండలోకి పంపడానికి చేతులెత్తినవాళ్లు. అలాంటి చేతుల్ని నేనెలా నమ్మను?

"దాలినాయుడు తిప్పాలి," అన్నాను.

అందరూ నాకు మతిపోయిందన్నట్టు చూశారు. అతను వెనక వరసలోంచి ముందుకు వచ్చాడు.

"నన్నెందుకు?"

"ఊరంతట్లో నా అనుమానం తప్పని తేలింది నీ ఒక్కడి మీదే."

అతను నవ్వలేదు. వెళ్లి కుళాయి దగ్గర నిలబడ్డాడు.

లోపల ఒక స్టూలు, గోడకి అటూ ఇటూ మాటలు వినబడే స్పీకరు ఒకటి. వెనక గొళ్లెం పడింది. అప్పుడు గాని నాకు తెలిసిరాలేదు నేనేం చేశానో. కుళాయి మెల్లగా తిప్పాలి. ఒక్కసారి తిప్పేస్తే ఏ రబ్బరూ ఆగదు, చెయ్యి జారిందంటే ఎవరూ తప్పు పట్టలేరు. నామీద పగ పెట్టుకోవడానికి అతనికి ఉన్నంత కారణం ఈ ఊళ్లో ఎవరికీ లేదు. నేను అతని స్థానంలో ఉంటే ఏం చేసేదాన్నో ఆలోచించాను. ఆ ఆలోచన నాకు నచ్చలేదు.

అవతల నీళ్లు పడుతున్న చప్పుడు. సన్నగా, ఒకే తీరుగా. నేలనుంచి పైకి ఎక్కుతూ ఎక్కుతూ చప్పుడు ఆగిపోయింది. గది నిండింది. తలుపు మూలిగింది. రబ్బరు మీద అరచెయ్యి పెట్టాను. ఉబ్బుతోంది. నా చెయ్యే తడిగా ఉందో, నీరే వస్తోందో తెలియక చీర చెంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టాను.

స్పీకరు గరగరలాడింది.

"బయమేస్తందేటప్పా?"

అబద్ధం చెప్పాలనుకున్నాను. "ఏస్తంది."

తరవాత అతని గొంతు నెమ్మదిగా వచ్చింది. "సభలో నువ్వు లేచి నిలబడ్డ కాణ్నుంచి నాకు ఇలగే ఉండీది. ఇంకా తగ్గనేదు."

పంపు మోగింది. అవతల నీళ్లు దిగడం మొదలైంది, వచ్చినంత నెమ్మదిగానే. గొళ్లెం తీసి దాలినాయుడు లోపలికి వచ్చాడు. నాలుగు మూలలా బొటనవేలితో తడిమి చూశాడు. "సుక్క కూడా రానేదు. పాసయ్యింది," అని బయటివాళ్లకి వినబడేలా చెప్పాడు. వీధిలో చప్పట్లు కొట్టారు.

నన్ను దాటుకుని వెళ్లబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. ఏడుపు వచ్చేసింది. "దాలీ, నాది తప్పు. నిన్ను సంపీసేదాన్ని."

"అవునప్పా," అన్నాడు.

నా చెయ్యి విడిపించుకుని పంపుల వైపు వెళ్లిపోయాడు.